రెండొందల నిమిషాలు, పన్నెండు మంది పిల్లలు

ముందే చెప్పేస్తున్నాను, నాకు బాస్కెట్‌బాల్ ఆడటం రాదు. ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ హాస్టల్ వెనక కోర్టు ఉన్నా, అక్కడ బట్టలారేసుకోవడమే తప్ప బంతి ముట్టుకున్న పాపాన పోలేదు. కాబట్టి "నీకేం తెలుసని రాస్తున్నావ్" అని అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది. కానీ నాకు ఎక్సెల్ వచ్చు. ఈ గొడవంతా ఆ ఎక్సెల్ వల్లే మొదలైంది.

కిందటి మే నెలలో ఓ పదిరోజులు ఇంటి నుంచే పని చేసుకుంటానని మేనేజర్ని బతిమాలి విజయనగరం వెళ్ళాను. మా అక్క కొడుక్కి పదమూడేళ్ళు. వేసవి శిక్షణ శిబిరంలో బాస్కెట్‌బాల్‌కి చేరాడు. పొద్దున్న ఐదున్నరకల్లా గ్రౌండులో ఉండాలి, ఎండెక్కే లోపు ఇంటికి వచ్చేయాలి. శిబిరం చివర్లో చుట్టుపక్కల ఊళ్ళ జట్లతో చిన్న లీగ్ పెట్టారు. అండర్-14. మా ఊరు, బొబ్బిలి, ఆమదాలవలస, శ్రీకాకుళం - నాలుగు జట్లు, ఒక్కో జట్టుకి మూడు మ్యాచ్‌లు.

నేను బ్యాగు కింద పెట్టీపెట్టకముందే అక్క మొదలెట్టింది.

"ఏట్రా, నీ మేనల్లుణ్ణి ఆడించట్లేదంట. ఆ కోచ్‌కి కావల్సినోళ్ళ పిల్లల్నే దింపుతాడంట. నువ్వు ఇంత చదూకున్నావు, ఎవరికైనా ఓ మాట చెప్పించకూడదా?"

"చెప్పించడం" అనే మాట గమనించారా? ఆస్పత్రిలో మంచం కావాలన్నా, గ్యాస్ కనెక్షన్ కావాలన్నా, కాలేజీలో సీటు కావాలన్నా ముందు ఎవరితో చెప్పించాలో ఆలోచిస్తాం. పదమూడేళ్ళ పిల్లాడు బంతి పట్టుకోవడానికి కూడా చెప్పించాలన్నమాట.

సరే, చెప్పించే ముందు లెక్కలు చూద్దాం అనుకున్నాను. మనకి అలవాటైన పనే కదా. ఎవరైనా "సర్వర్ స్లోగా ఉందండీ" అంటే ముందు లాగ్స్ చూస్తాం, తర్వాత మాట్లాడతాం.

బాస్కెట్‌బాల్ మ్యాచ్ అంటే పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, నలభై నిమిషాలు. ఒక్కో వైపు ఐదుగురు ఆడతారు. అంటే ఒక జట్టు దగ్గర పంచిపెట్టడానికి ఉన్నవి సరిగ్గా రెండొందల నిమిషాలు. జట్టులో పన్నెండు మంది. సమానంగా పంచితే తలా పదహారు నిమిషాల నలభై సెకన్లు వస్తాయి. ఎవరికైనా ఎక్కువొస్తే, ఇంకెవరికో అంత తగ్గినట్టే.

మొదటి మ్యాచ్ బొబ్బిలితో. కంచె పక్కన బళ్ళు పెట్టుకుని తల్లిదండ్రులు నిలబడ్డారు. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎవడు లోపలికి వెళ్ళాడో, ఎవడు బయటికి వచ్చాడో రాసుకుంటూ కూర్చున్నాను. మొదటి ఐదుగురికి వచ్చినవి 38, 36, 35, 33, 30 నిమిషాలు. ఆ తర్వాత ఒకడికి 12, ఒకడికి 7, మావాడికి 6, ఇంకొకడికి 3. కూడండి, రెండొందలు అయిపోయాయి. మిగిలిన ముగ్గురికీ సున్నా.

మావాడికి ఆరు! నాకు రక్తం మరిగింది. పన్నెండో తరగతి ఫిజిక్స్‌లో కూడా ఇంత అన్యాయం జరగలేదు నాకు.

కంచె దగ్గర గుసగుసలు కూడా అదే పాట. "ఆ ముప్పై నిమిషాలు ఆడినోడు ఎవరనుకున్నారు, ఫలానా ఆయన కొడుకు" అని ఒకాయన నా చెవిలో ఊదాడు. రెండో మ్యాచ్ ఆమదాలవలసతో. ఈసారి ఆ "ఫలానా ఆయన కొడుకు"నే కళ్ళప్పగించి చూశాను. నిజం చెప్పాలంటే వాడు బాగా ఆడతాడు. బంతి పోతే వెనక్కి పరిగెడతాడు, ఖాళీగా ఉన్నవాడికి ఇస్తాడు. వాడు ఎవరి కొడుకైనా ఆ ముప్పై నిమిషాలూ వాడికి దక్కాల్సినవే. నాకు కొంచెం నిరుత్సాహం వేసింది, ఎందుకంటే కుట్ర దొరుకుతుందని వెళ్ళినవాడికి ఆట దొరికింది :-)

రెండో మ్యాచ్ లెక్కలు కూడా ఇంచుమించు అవే. మొదటిసారి సున్నా వచ్చిన ముగ్గురిలో ఒకడికి చివర్లో రెండు నిమిషాలు దొరికాయి. మిగిలిన ఇద్దరికీ మళ్ళీ సున్నా. అంటే నాలుగొందల నిమిషాల్లో ఒక్కటి కూడా లేదు.

ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను అప్పటికే చూసి ఉన్నాను. రోజూ అందరికంటే ముందు వచ్చేది వాడే. బంతుల సంచి మోసుకొచ్చేది వాడే, నీళ్ళ క్యాను నింపేది వాడే, చెరిగిపోయిన సున్నం గీతలు మళ్ళీ వేసేది కూడా వాడే. బ్రేక్‌లో వాడి పక్కన కూర్చుని "మీ ఇంట్లోవాళ్ళు ఎవరూ రాలేదా?" అని అడిగాను.

"అమ్మా నాన్నా మెడ్రాస్ ఎల్నారండి, బిల్డింగ్ పన్లకి. నాను మామ్మ కాడ ఉంటన్నాను" అన్నాడు.

మా రెండు జిల్లాల సంగతి తెలిసినవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. పంటలైపోతే ఊళ్ళకి ఊళ్ళు చెన్నైకో, హైదరాబాద్‌కో పనులకి వెళ్తాయి. పిల్లలు మామ్మల దగ్గరో, హాస్టళ్ళలోనో ఉంటారు. ఆ మామ్మ కంచె దగ్గరికి రాదు. కోచ్ ఫోన్ నంబరు ఆవిడ దగ్గర ఉండదు. ఉన్నా, "మా మనవణ్ణి ఎందుకు దింపలేదు" అని అడగొచ్చన్న ఊహే ఆవిడకి రాదు.

ఆ సాయంత్రం షీటు పట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్ళాను. మావాడి గురించి అడగడానికే వెళ్ళాను, ఇందులో దాచేదేం లేదు. ఆయన చాలాసేపు ఆ వరసలన్నీ చూశారు.

"మీ వాడికి ఆరు నిమిషాలు ఎందుకొచ్చాయో తెలుసా తమ్ముడూ?" అన్నారు. "ముందురోజు రాత్రి మీ బావగారు ఫోన్ చేశారు. ఈ పన్నెండుకీ ఫోనే, ఈ ఏడుకీ ఫోనే. ఈ మూడు నిమిషాలాయన ఏకంగా ఇంటికే వచ్చేశారు."

"మరి ఈ సున్నాలు మాస్టారూ?"

"వాళ్ళ గురించి ఎవరూ ఫోన్ చెయ్యలేదు."

నేను అన్యాయం కిందికి లెక్కేసిన ఆ ఆరు నిమిషాలూ నిజానికి మా బావ సిఫార్సు. మావాడికి జరిగిన అన్యాయాన్ని నిరూపించడానికి నేను తయారుచేసిన షీటు, మావాడు ఎవరి వాటా తిన్నాడో నాకే చూపించింది.

ఇక్కడ కోచ్‌ని తిట్టి చేతులు దులుపుకోవడం చాలా తేలిక. కానీ ఆయన వైపు నుంచి చూడండి. నలభై మంది పిల్లలు, చేతిలో ఐదు బంతులు, పొద్దున్న రెండున్నర గంటలు. జట్టు ఓడిపోతే "ఏం నేర్పావయ్యా" అని నిర్వాహకులు అడుగుతారు. గెలిస్తే "మావాణ్ణి ఎందుకు ఆడించలేదు" అని తల్లిదండ్రులు అడుగుతారు. మన దేశంలో వ్యాయామ ఉపాధ్యాయుడి స్థానం ఏంటో తెలియాలంటే 2009 నాటి విద్యాహక్కు చట్టం చివర్లో ఉన్న పట్టిక చూస్తే చాలు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడికి పూర్తికాలం హెడ్మాస్టరు ఉండాలట, వ్యాయామం చెప్పేవాడు మాత్రం పార్ట్ టైమ్ అయినా సరిపోతాడట. ఇదే మన విజయనగరంలో ఒకప్పుడు వ్యాయామ మాస్టారుగా పనిచేసినాయన, వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు. దేశమంతా "కలియుగ భీముడు" అని చెప్పుకుంది. ఆయన పేరు స్టేడియానికి పెట్టుకున్నాం కానీ, ఆయన చేసిన ఉద్యోగానికి విలువ ఇవ్వలేదు.

కాబట్టి నా బాధ కోచ్ చెడ్డవాడని కాదు. చేతిలో ఏ నియమమూ లేని మంచివాడు కూడా చివరికి ఫోన్ మోగినవైపే వంగుతాడు అని. ఆ ఫోన్ చేసేది మనం.

ఈ జబ్బు పిల్లల ఆటలకే కొత్తగా వచ్చిందేం కాదు. ఆ మాటకొస్తే భారత క్రికెట్‌లో సిఫార్సు అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు మా ఊరి పేరే! 1936లో ఇంగ్లండ్ వెళ్ళిన జట్టుకి కెప్టెన్ ఎవరనుకున్నారు? విజయనగరం మహారాజ్‌కుమార్, అందరూ "విజ్జీ" అని పిలిచే ఆయన. జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు, విజయ్ మర్చంట్ ఉన్నాడు. అయినా కెప్టెన్సీ పలుకుబడి ఉన్నాయనకి వెళ్ళింది. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి ఆయన చేసిన పరుగులు మొత్తం 33. ఆ పర్యటనలో బాగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మొదటి టెస్టు కూడా ఆడకముందే క్రమశిక్షణ పేరుతో ఓడెక్కించి ఇంటికి పంపేశారు. విజ్జీ క్రికెట్‌కి డబ్బు పెట్టాడు, హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటివాళ్ళని మన దేశానికి రప్పించి ఆడించాడు, అవన్నీ నిజమే. కానీ డబ్బు పెట్టినవాడు బ్యాటు కూడా పట్టుకుంటానంటే ఏమవుతుందో ఆ 33 పరుగులు చెప్తాయి.

అంత పాత కథ ఎందుకు, 2024 ఫిబ్రవరి 26న ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రంజీ క్వార్టర్ ఫైనల్లో ఆంధ్ర జట్టు ఇండోర్‌లో మధ్యప్రదేశ్ చేతిలో నాలుగంటే నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయింది. అదే రోజు హనుమ విహారి (దేశానికి 16 టెస్టులు ఆడినవాడు) ఇక ఆంధ్రకి ఆడనని ప్రకటించాడు. బెంగాల్‌తో మ్యాచ్‌లో 17వ ఆటగాడి మీద తాను అరిచాననీ, ఆ కుర్రాడి తండ్రి రాజకీయ నాయకుడనీ, ఆయన చెప్పడం వల్లే తన కెప్టెన్సీ పోయిందనీ ఆరోపించాడు. ఆ కుర్రాడు అదంతా అబద్ధం అన్నాడు. అందులో ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదు. నాకు కనపడింది ఒకటే - రంజీ స్థాయికి వెళ్ళినా మన మాటల్లో "వాళ్ళ నాన్న ఎవరు?" అన్న ప్రశ్న పోలేదు. అండర్-14లో కంచె దగ్గర నేను విన్న గుసగుసే అది. గొంతు పెద్దదైంది, అంతే.

అసలు తల్లిదండ్రులు ఇంతగా ఎందుకు కొట్టుకుంటారు? ఆట మీద ప్రేమా? కొంతమందికి అవును. చాలామందికి మాత్రం సర్టిఫికెట్. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ ప్రవేశాల్లో క్రీడల కోటా అర శాతం. అంటే రెండొందల సీట్లకి ఒకటి. (మళ్ళీ రెండొందలే!) ఆ ఒక్క సీటు కోసం ఎంతమంది నాన్నలు ఎన్ని కంచెల దగ్గర నిలబడ్డారో మీరే ఊహించుకోండి. మన బ్యాచ్‌లోనూ ఒకరిద్దరు ఉండేవారు కదా, ఏ ఆట ఆడతాడో ఎవరికీ తెలియదు కానీ కోటాలో వచ్చాడంటారు.

ఇంకొంచెం ముదిరితే వయసు దొంగతనం. పదహారేళ్ళవాడు పద్నాలుగేళ్ళ కాగితం తెచ్చుకుంటే, బాస్కెట్‌బాల్‌లో వాడు అరడుగు ఎత్తూ పదికిలోల బరువూ కొట్టేసినట్టే. 2015 డిసెంబర్లో రాహుల్ ద్రవిడ్ పటౌడీ స్మారకోపన్యాసంలో ఈ విషయం గట్టిగా మాట్లాడాడు. ఆయన చెప్పిన దాని సారాంశం ఇది: వయసు తగ్గించుకున్న కుర్రాడు నెగ్గేది ఆట బాగా వచ్చి కాదు, పెద్దవాడై బలంగా ఉండబట్టి. నిజాయితీగా వచ్చినవాడు అక్కడే రాలిపోతాడు. పైగా అబద్ధం ఆడటం ఆ పిల్లాడికి నేర్పేది ఇంట్లోవాళ్ళూ, కోచ్‌లే. క్రికెట్‌లో ఇప్పుడు మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తున్నారు. అమ్మానాన్నల మాట నమ్మలేక పిల్లల ఎముకల్ని అడగాల్సి వస్తోంది.

మరి న్యాయంగా జరిగే ఆట ఏదీ లేదా అంటే, అదీ మా వైపే ఉంది. నెల్లిమర్ల పక్కన కొండవెలగాడ అని ఒక ఊరుంది. అక్కడ పిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తారు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. ముందు కంచు వచ్చింది, మొదటి స్థానం వచ్చిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో అది వెండి అయింది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. ఇంత పేద జిల్లాల నుంచి ఇంతమంది లిఫ్టర్లు ఎందుకొచ్చారు అంటే నాకు తోచిన కారణాల్లో ఒకటి - ఇనుముకి ఇంటిపేరు తెలియదు. వంద కిలోలంటే అందరికీ వంద కిలోలే. లేచిందా లేదా అన్నది చెప్పడానికి కూడా ఒక్కడు సరిపోడు, ముగ్గురు రెఫరీలు కూర్చుంటారు, ఇద్దరైనా తెల్లదీపం వెయ్యాలి. అక్కడ ఎవరికి ఫోన్ చేస్తాం?

అయితే ఆ ఇనుము దాకా చేరనివ్వడం మళ్ళీ మనిషి చేతిలోనే ఉంది. మల్లీశ్వరిని కూడా చిన్నప్పుడు "మరీ బక్కగా ఉన్నావు, నీవల్ల కాదు" అని పంపేశారట. వాళ్ళమ్మ పట్టుబట్టబట్టి ఆవిడ నిలబడింది. అంటే ఆవిడకీ వెనక ఒక అమ్మ కావలసివచ్చింది. వెనక అమ్మ లేనివాళ్ళ కథ మనకి తెలియదు, ఎందుకంటే వాళ్ళు సిడ్నీ దాకా రాలేదు.

అమెరికాలో ఉన్న నా స్నేహితుడికి ఈ గోలంతా చెప్తే పడీపడీ నవ్వాడు. "ఇక్కడా అంతే మామా, కోచ్ వేరే ఎవరో కాదు, పిల్లల నాన్నల్లో ఒకడు. వాడి కొడుకు కోర్టులోంచి బయటికి రాడు" అన్నాడు. కానీ వాళ్ళు ఒక పని చేశారు, నియమం కాగితం మీద పెట్టుకున్నారు. లిటిల్ లీగ్ బేస్‌బాల్‌లో ప్రతి పిల్లాడికీ మ్యాచ్‌లో కనీసం ఒకసారి బ్యాటింగూ, ఫీల్డింగ్‌లో ఆరు అవుట్ల సమయమూ ఇచ్చి తీరాలి. ఎన్‌బీఏ, యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి పిల్లల ఆట కోసం రాసిన మార్గదర్శకాల్లోనూ చిన్న వయసువాళ్ళకి సమయం సమానంగా పంచమనే ఉంది. అక్కడి కోచ్‌లు దేవుళ్ళేం కాదు. ఫోన్ వస్తే "రూల్ ఇదీ, నా చేతిలో లేదు" అని చెప్పే వీలు వాళ్ళకి ఉంది. మా మాస్టారికి అది లేదు.

అసలు ఈ ఆట ఎలా పుట్టిందో చూస్తే ఇంకా చిత్రంగా ఉంటుంది. 1891 చలికాలంలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని వైఎంసీఏ శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ మాస్టారుకి ఒక క్లాసు అప్పగించారు. బయట మంచు, లోపల విసుగెత్తిపోయిన కుర్రాళ్ళు. రెండు పీచ్ పళ్ళ బుట్టలు బాల్కనీ రెయిలింగ్‌కి కొట్టించి, పదమూడు నియమాలు రాసి ఆడించాడు. క్లాసులో పద్దెనిమిది మంది ఉన్నారు కాబట్టి వైపుకి తొమ్మిదిమందిని దింపాడు. అంటే బాస్కెట్‌బాల్ మొట్టమొదటి మ్యాచ్‌లో బెంచీ మీద ఎవరూ లేరు!

మనకి బెంచీ అంటే ఏంటో బాగా తెలుసు కదా. ప్రాజెక్టు లేక మూడు నెలలు బెంచ్ మీద కూర్చుంటే నిద్ర పట్టదు. జీతం వస్తున్నా సరే, "నేనెందుకూ పనికిరానా" అనిపిస్తుంది. అప్రైజల్లో రేటింగ్ తక్కువొస్తే ముందు మనం అడిగేది "ఏ లెక్క ప్రకారం ఇచ్చారు?" అనే. రేటింగ్ కంటే ఆ లెక్క చెప్పకపోవడమే ఎక్కువ మండిస్తుంది. ముప్పై ఏళ్ళ దగ్గరికొచ్చిన మనకే అలా ఉంటే, పదమూడేళ్ళవాడికి ఎలా ఉంటుంది? వాడికి ఆ బెంచీ మీద జీతం కూడా రాదు.

విమర్శించడం తేలిక, దారి కూడా చెప్పాలి కదా. నా బుర్రకి తోచినవి నాలుగు.

ఒకటి, అండర్-14 వరకూ ప్రతి పిల్లాడికీ కనీసం ఒక పూర్తి క్వార్టర్. పన్నెండు మందికి పదేసి నిమిషాలంటే నూట ఇరవై. ఇంకా ఎనభై నిమిషాలు కోచ్ చేతిలో ఉంటాయి. గెలవడానికి ఎవర్ని దింపుకుంటాడో ఆయనిష్టం, అందులో ఎవరూ వేలు పెట్టకూడదు.

రెండు, జట్టు ఎంపిక. పరుగు, డ్రిబ్లింగ్, పాస్, షాట్, చిన్న ఆట - దేనికెన్ని మార్కులో ముందే చెప్పి, చూసేవాళ్ళు ముగ్గురుండి, అందులో ఒకరైనా బయటి ఊరివాళ్ళై, వచ్చిన మార్కులు అదే రోజు గోడకి అంటించాలి. చూసేవాళ్ళ బంధువుల పిల్లలుంటే ఆ ఒక్కరికీ వాళ్ళు మార్కులు వెయ్యకూడదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో మూడు దీపాలు ఉన్నాయి కదా, ఇవీ అలాంటివే.

మూడు, నిమిషాల లెక్క రాయాలి. ఒక నోటు పుస్తకం, ఒక గడియారం చాలు. కంచె దగ్గర ఊరికే నిలబడే నాన్నలకి ఈ పని ఇస్తే, అరవడానికి తీరికా ఉండదు, ఉత్త గుసగుసలూ ఉండవు.

నాలుగోది మనకి. కోచ్‌ని అడగొద్దని నేననను. అడగాలి. కానీ అడిగితే పన్నెండు మంది గురించీ అడగాలి. "మావాడికి ఆరే ఎందుకు?" అన్నది సిఫార్సు. "ఈ ఇద్దరికీ సున్నా ఎందుకు?" అన్నదే ప్రశ్న.

"ఆటంటే గెలవడానికే కదా, అందరినీ దింపితే ఓడిపోమా?" అంటారని నాకు తెలుసు. రాష్ట్ర జట్టుకీ, దేశపు జట్టుకీ నేనూ అదే అంటాను, అక్కడ బాగా ఆడేవాడే ఆడాలి. కానీ పదమూడేళ్ళకి ఎవడు బాగా ఆడేవాడో ఎవరికి తెలుసు? ఆ వయసులో ఒకడు వేసవి సెలవుల్లో నాలుగంగుళాలు పెరుగుతాడు, ఇంకొకడు పదహారు వచ్చేదాకా కదలడు. ఈరోజు పొట్టివాణ్ణి బెంచీ మీద కూర్చోబెడితే, వాడు పొడుగయ్యే వేళకి ఆట మానేసి ఉంటాడు. మన దేశంలో ఆటగాళ్ళు లేరని ఏడవడం కాదు, ఇలాంటి బెంచీల మీద ఎంతమందిని వదిలేశామో లెక్క రాసుకున్నవాళ్ళు లేరు.

ఇక మూడో మ్యాచ్. శ్రీకాకుళంతో. ముందురోజు రాత్రి మాస్టారు నాకు ఫోన్ చేసి "ఆ నూట ఇరవై, ఎనభై లెక్క ఏదో అన్నావు, పంపించు" అన్నారు. పంపించాను. మావాడికి పద్నాలుగు నిమిషాలు వచ్చాయి. సున్నం గీతల కుర్రాడికి రెండో క్వార్టర్ మొత్తం, పది నిమిషాలు. వెళ్ళగానే బంతి పట్టుకుని మూడడుగులు నడిచేశాడు, విజిల్ పడింది. కంచె దగ్గర నవ్వారు. తర్వాత మూడు ఫౌళ్ళు చేశాడు. చివర్లో ఒక బుట్ట వేశాడు. వేశాక ఎవరి వైపు చూడాలో తెలియక తన చేతులకేసే చూసుకున్నాడు.

మ్యాచ్ ఐదు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. మా బావ ఇంటికొచ్చాక టిఫిన్ దగ్గర "అందర్నీ దింపి చేతికొచ్చిన మ్యాచ్ పోగొట్టాడు" అన్నాడు. నిజమే కావచ్చు. ఆ కుర్రాడి బదులు పాతవాణ్ణే ఉంచితే గెలిచేవాళ్ళమేమో. నాకు తెలియదు, ఎక్సెల్లో ఆ కాలమ్ లేదు.

నేను హైదరాబాద్ వచ్చేశాను. ఆ షీటు ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. అప్పుడప్పుడు తెరిస్తే మొదట గుర్తొచ్చేది ఆ సున్నాలు కాదు. మొదటి మ్యాచ్ రోజు ఆ షీటంతా నా కళ్ళ ముందే ఉన్నా, నేను చూసింది మావాడి వరస ఒక్కటే అన్న సంగతి.

వచ్చే మే నెలలో మీ ఊళ్ళో కూడా ఏదో ఒక శిబిరం, ఏదో ఒక లీగ్ ఉంటుంది. మీ అక్కో, బావో "ఎవరికైనా చెప్పించు" అని మీకు ఫోన్ చేస్తారు. మీరేం చేస్తారో చెప్పండి. నేనైతే ఈసారి బంతులు కొనిస్తానన్నాను. మా బావ మాత్రం ఇంకా నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.